58 రూపాయలా, 23 రూపాయలా: టాటా–డొకోమో ఒప్పందంలో రెండు దేశాల వ్యవస్థల తేడా

దేశాల మధ్య వ్యవస్థాగత తేడాలు విదేశీ పెట్టుబడిని ఎంత దెబ్బతీస్తాయని అడిగితే ముందు ఇండెక్సులు బయటికొస్తాయి. చట్టబద్ధ పాలనకు ఇన్ని మార్కులు, నియంత్రణల నాణ్యతకు ఇన్ని, రెండు దేశాల మధ్య దూరం ఇంత. పరిశోధనకు ఆ అంకె పనికొస్తుంది. ఒప్పందం రాసేవాడికి మాత్రం అక్కరకు రాదు. పెట్టుబడి పెట్టేవాడికి కావాల్సిన సమాధానాలు వేరే ఉన్నాయి: ఎవరు ఎవరికి డబ్బు కట్టొచ్చు, ఎంత ధర దాకా కట్టొచ్చు, ఎవరి అనుమతితో, ఎన్నాళ్లలో. ఈ ప్రశ్నలకు రెండు దేశాల చట్టాలు వేర్వేరుగా జవాబు చెప్పే ఒక్క క్లాజు ఉంటే చాలు, వేల కోట్లు ఆగిపోతాయి. టాటాల ఫోన్ కంపెనీ టాటా టెలీసర్వీసెస్‌లో జపాన్ మొబైల్ కంపెనీ ఎన్‌టీటీ డొకోమో పెట్టిన పెట్టుబడి విషయంలో జరిగింది అదే.

ఒప్పందం

2008 నవంబర్‌లో డొకోమో టాటా టెలీసర్వీసెస్‌లో సుమారు 26 శాతం వాటాకు 270 కోట్ల డాలర్లు పెడతానని ప్రకటించింది. 2009 మార్చిలో డొకోమో, టాటా గ్రూపు మాతృసంస్థ టాటా సన్స్, టాటా టెలీసర్వీసెస్ కలిసి షేర్‌హోల్డర్స్ అగ్రిమెంట్ చేసుకున్నాయి. అదే ఏడాది జూన్‌లో టాటా డొకోమో బ్రాండ్ మొదలైంది. సెకనుకు ఒక పైసా లెక్కన బిల్లు వేయడం మన దగ్గర కూడా చాలామందికి ఈ బ్రాండ్‌తోనే అలవాటైంది. పోటీ కంపెనీలన్నీ అదే బాట పట్టడంతో రేట్లు కుప్పకూలాయి, కంపెనీ లాభాల్లోకి రాలేదు.

డొకోమో అప్పటికే విదేశాల్లో చేతులు కాల్చుకున్న సంస్థ. అమెరికాలో ఏటీ అండ్ టీ వైర్‌లెస్‌లో 16 శాతం వాటాకు దాదాపు 980 కోట్ల డాలర్లు పెట్టి, తర్వాత భారీ నష్టాన్ని పుస్తకాల్లో రాసుకుంది. అందుకే భారత్‌లో మైనారిటీ వాటా తీసుకునేటప్పుడు నష్టానికి ఒక హద్దు కోరింది. అగ్రిమెంట్‌లో 5.7వ క్లాజు సారాంశం ఇదీ: 2014 మార్చి 31 నాటికి కంపెనీ రెండో విడత పనితీరు లక్ష్యాలు అందుకోకపోతే, డొకోమో షేర్లకు టాటా సన్స్ కొనుగోలుదారుణ్ని చూపించాలి. ధర ఆ రోజు న్యాయమైన విలువ (వాల్యుయేషన్‌లో లెక్కగట్టే ఫెయిర్ వాల్యూ) కావాలి, లేదా డొకోమో పెట్టిన ధరలో సగం కావాలి. రెంటిలో ఏది ఎక్కువైతే అది.

లక్ష్యాలు అందలేదు. 2014 జూలై 7న డొకోమో నోటీసు ఇచ్చింది. షేర్లు 124,89,74,378. పెట్టిన ధరలో సగం షేరుకు 58.045 రూపాయలు, అంటే మొత్తం 7,250 కోట్లు. అదే ఏడాది జూన్ నాటి వాల్యుయేషన్ ప్రకారం షేరు న్యాయమైన విలువ 23.34 రూపాయలు, అంటే సుమారు 2,915 కోట్లు. మధ్యలో మిగిలిన 4,335 కోట్ల రూపాయలే ఈ కేసు.

ఎవరి నియమం ఎక్కడ కాపలా కాస్తుంది

ఈ కేసును 'భారత్‌లో నియంత్రణలు ఎక్కువ, జపాన్‌లో తక్కువ' అని కొట్టిపారేయడం తప్పు. జపాన్‌లోనూ కాపలా గట్టిదే. డొకోమో మాతృసంస్థ ఎన్‌టీటీలో మూడో వంతు వాటా ప్రభుత్వం చేతిలో ఉండాలనీ, విదేశీయుల వాటా మూడో వంతుకు లోపే ఉండాలనీ అక్కడ ప్రత్యేక చట్టమే ఉంది. 2020 నుంచి సున్నిత రంగాల లిస్టెడ్ కంపెనీల్లో విదేశీ పెట్టుబడిదారు ముందస్తు నోటీసు ఇవ్వాల్సిన పరిమితిని 10 శాతం నుంచి 1 శాతానికి దించారు. అంటే జపాన్ వ్యవస్థ ప్రధానంగా చూసేది యజమాని ఎవరన్నది. లోపలికి వచ్చాక ఇద్దరు వ్యాపారులు షేరు ఏ ధరకు చేతులు మార్చుకుంటారన్నది వాళ్ల ఒప్పందానికి వదిలేస్తుంది.

భారత్ కూడా వాటా పరిమితులు పెడుతుంది. ఆ రోజుల్లో టెలికాంలో 74 శాతం హద్దు ఉండేది. దాంతోపాటు విదేశీ మారకం నిర్వహణ చట్టం (ఫెమా) కింద ప్రతి లావాదేవీ ధరనూ చూస్తుంది. ఇక్కడి వ్యక్తి విదేశీయుడికి షేరు అమ్మితే న్యాయమైన విలువకు తగ్గకూడదు. విదేశీయుడు ఇక్కడి వ్యక్తికి అమ్మితే న్యాయమైన విలువను మించకూడదు. ఇద్దరు విదేశీయుల మధ్య అమ్మకానికి ఈ ధర నియమం వర్తించదు. మూడో వాక్యం చాలా మంది దృష్టికి రాదు. ఈ కేసు తేలింది దాని మీదే.

ధర మీద హద్దు ఎందుకన్నది కూడా అర్థం చేసుకోవాలి. ఈక్విటీగా వచ్చే పెట్టుబడికి మన దగ్గర వడ్డీ పరిమితి లేదు, గడువు లేదు, దేనికి ఖర్చుపెట్టాలన్న నిబంధనలూ చాలా తక్కువ. విదేశీ రుణానికి ఆ రోజుల్లో ఇవన్నీ ఉండేవి. 'అయిదేళ్ల తర్వాత ఇంత ధరకు వెనక్కి కొంటా' అని ముందే హామీ ఇస్తే అది ఈక్విటీ వేషం కట్టిన అప్పు అవుతుంది. విదేశీ మారకం నిల్వలు అడుగంటిన 1991ని చూసిన దేశానికి ఈ జాగ్రత్త పిచ్చిది కాదు. చిక్కెక్కడంటే, డొకోమో అడిగింది లాభానికి హామీ కాదు, నష్టానికి హద్దు. పెట్టిందాంట్లో సగం పోయినా సరేనని ఒప్పుకున్న పెట్టుబడిదారును, గ్యారంటీ రాబడి అడిగేవాణ్ని ఆ నియమం ఒకే గాటన కట్టింది.

నియమం కూడా కుదురుగా నిలవలేదు. అన్‌లిస్టెడ్ (స్టాక్ ఎక్స్ఛేంజీలో లేని) షేర్ల ధరకు 2010 మేలో డిస్కౌంటెడ్ క్యాష్ ఫ్లో పద్ధతి, అంటే ముందుముందు వచ్చే నగదును నేటి విలువకు తగ్గించి లెక్కించే పద్ధతి వచ్చింది. ఆప్షన్ క్లాజులు, అంటే తర్వాత షేర్లు అమ్మే లేదా కొనే హక్కును ముందే రాసుకునే క్లాజులు అసలు చెల్లుతాయా అన్నదే ఏళ్ల తరబడి తేలలేదు. 2011 అక్టోబర్ 1 నుంచి అమలైన ఎఫ్‌డీఐ విధానంలో ఆప్షన్ ఉన్న ఈక్విటీని రుణంగా చూస్తామని రాసి, నెల తిరక్కుండానే తీసేశారు. 2014 జనవరి 9 సర్క్యులర్‌తో ఆర్‌బీఐ ఆప్షన్లను ఒప్పుకుంది. కనీసం ఏడాది లాక్-ఇన్ (అమ్మకూడని గడువు) ఉండాలనీ, హామీ ధర ఉండకూడదనీ, అన్‌లిస్టెడ్ షేర్లకు తాజా ఆడిట్ బ్యాలెన్స్ షీట్ మీద వచ్చే రిటర్న్ ఆన్ ఈక్విటీ (వాటాదారుల సొమ్ము మీద వచ్చిన లాభం) లెక్కకు ధర మించరాదనీ షరతులు పెట్టింది. 2014 జూలై 15న ఆ లెక్కను ఎత్తేసి, అంతర్జాతీయంగా ఆమోదం ఉన్న ఏ వాల్యుయేషన్ పద్ధతైనా సరేనంది. డొకోమో నోటీసు దానికి 8 రోజుల ముందుది. 2009లో సంతకం పెట్టి 2014లో బయటపడాలనుకున్న పెట్టుబడిదారుకు మధ్యలో కొలబద్దే మారుతూ వచ్చింది.

అడ్డం తిరిగింది ఎక్కడ

టాటా సన్స్ పరిస్థితి ముందు నుయ్యి, వెనక గొయ్యి. 58.045 కడితే ఫెమా ఉల్లంఘన. 23.34 ఇస్తానంటే ఒప్పంద ఉల్లంఘన. ప్రత్యేక అనుమతి కోసం ఆర్‌బీఐ దగ్గరికి వెళ్లింది. ఇది హామీ రాబడి కాదు, నష్టానికి హద్దు మాత్రమే కదా అని ఆర్‌బీఐ మొదట సానుకూలంగానే చూసింది. విషయం ఆర్థిక మంత్రిత్వ శాఖకు వెళ్లాక గాలి మారింది. 2015 ఫిబ్రవరిలో అనుమతి నిరాకరించారు. ఇది గమనించాల్సిన విషయం: నియంత్రణ సంస్థ, ప్రభుత్వం ఒకే గొంతుతో మాట్లాడతాయని లెక్కేసుకుని క్లాజు రాయకూడదు. 'ఆర్‌బీఐ అనుమతికి లోబడి' అని ఒప్పందంలో రాస్తే పెట్టుబడిదారు నిజానికి రెండు కార్యాలయాల నిర్ణయానికి కట్టుబడుతున్నట్టే.

2015 జనవరిలోనే డొకోమో మధ్యవర్తిత్వం (ఆర్బిట్రేషన్) కోసం లండన్ కోర్ట్ ఆఫ్ ఇంటర్నేషనల్ ఆర్బిట్రేషన్‌కు వెళ్లింది. 2016 జూన్ 22న అక్కడి ట్రిబ్యునల్ తీర్పు (అవార్డు) వచ్చింది: టాటా సన్స్ 117.21 కోట్ల డాలర్లు, ఖర్చులు అదనంగా కట్టాలి. డాలరుకు 61.85 రూపాయల లెక్కన ఇది డొకోమో అడిగిన ఆ 7,250 కోట్లే.

ట్రిబ్యునల్ తర్కాన్ని ఒప్పందాలు రాసే ప్రతి లాయరూ, సీఏ నిదానంగా చదవాలి. క్లాజులో 'టాటా సన్స్ కొనాలి' అని లేదు, 'కొనుగోలుదారుణ్ని చూపించాలి' అని ఉంది. ఆ కొనుగోలుదారు భారతీయుడే కావాలని లేదు. విదేశీ కొనుగోలుదారుణ్ని చూపించి ఉంటే ధర నియమం అడ్డురాదు, ప్రత్యేక అనుమతీ అక్కర్లేదు. కాబట్టి చట్టబద్ధంగా నెరవేర్చే దారి ఉంది, నెరవేర్చలేదు, అది ఉల్లంఘన, దానికి నష్టపరిహారం కట్టాలి. అంటే కట్టాల్సింది షేర్ల ధర కాదు, మాట తప్పినందుకు పరిహారం. ధరకు ఫెమా హద్దు ఉంది, ఒప్పంద భంగానికిచ్చే పరిహారానికి ఆ హద్దు లేదు.

2016 జూలైలో టాటా సన్స్ ఢిల్లీ హైకోర్టులో 8,450 కోట్ల రూపాయలు డిపాజిట్ చేసింది. 2017 ఫిబ్రవరి చివర్లో రెండు పక్షాలూ రాజీ కుదుర్చుకుని కోర్టు ముందు పెట్టాయి. ఆర్‌బీఐ మాత్రం జోక్యం కోరుతూ దరఖాస్తు వేసింది. 2017 ఏప్రిల్ 28న హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆర్బిట్రేషన్‌లో పక్షం కాని సంస్థ అవార్డు అమలును వ్యతిరేకించలేదనీ, ఇది పరిహారం కాబట్టి ధర నియమానికి సంబంధం లేదనీ చెప్పింది. తన ఇష్టంతో విదేశీ సంస్థకు ఇచ్చిన మాటను భారతీయ కంపెనీ నిలబెట్టుకోవడం, నిలబెట్టుకోకపోవడం దేశంలోకి వచ్చే ఎఫ్‌డీఐ మీదే ప్రభావం చూపుతుందని కూడా గుర్తుచేసింది. 2017 అక్టోబర్ 31 నాటికి సుమారు 127 కోట్ల డాలర్లు డొకోమోకు చేరాయి, షేర్లు టాటా సన్స్‌కు వెళ్లాయి.

నోటీసు నుంచి డబ్బు చేతికందే దాకా మూడేళ్ల నాలుగు నెలలు. వడ్డీ లేదనుకుని ఏటా 10 శాతం లెక్కన తగ్గిస్తే 7,250 కోట్లు 2014 నాటి విలువలో సుమారు 5,280 కోట్లే. వ్యవస్థల తేడాకు ధర కట్టాలంటే కట్టాల్సిన పద్ధతి ఇది: కావాల్సిన మొత్తం, ఆలస్యం, గెలిచే అవకాశం. పెట్టుబడి పెట్టే ముందే ఈ మూడింటితో లెక్కేసి, ఆ తగ్గింపును కొనుగోలు ధరలో కలుపుకోవాలి. దేశాల ఇండెక్సు తేడా పేరుతో డిస్కౌంట్ రేటుకు (భవిష్యత్తు డబ్బును తగ్గించి లెక్కించే రేటుకు) రెండు శాతం కలిపి చేతులు దులుపుకుంటే అసలు రిస్కు ఎక్కడుందో కనబడదు. ఈ కేసులో రిస్కు కంపెనీ క్యాష్ ఫ్లోలో లేదు, బయటపడే ఒక్క లావాదేవీలో ఉంది.

అప్పటి నుంచి కోర్టుల తీరు కాస్త కుదురుకుంది. అదే 2017 ఏప్రిల్‌లో క్రూజ్ సిటీ, యూనిటెక్ కేసులోనూ ఢిల్లీ హైకోర్టు, ఫెమా నిబంధన ఉల్లంఘన ఒక్కటే చూపించి విదేశీ అవార్డును ఆపలేరంది. 2020 ఫిబ్రవరిలో విజయ్ కారియా, ప్రిస్మియన్ కేసులో సుప్రీంకోర్టు కూడా అదే గీత గీసింది. అంతమాత్రాన హామీ ధర క్లాజు ఇప్పుడు సురక్షితం అనుకోకూడదు. కోర్టులు అమలు చేసింది అవార్డులను, ధర నియమం మాత్రం అలాగే ఉంది. ట్రిబ్యునల్ దాకా వెళ్లకుండా డబ్బు రావాలంటే క్లాజే సరిగా ఉండాలి.

క్లాజు రాసేటప్పుడు

ముందు డబ్బు కదిలే ప్రతి సందర్భాన్నీ ఒక కాగితం మీద వరుసగా రాయాలి: పెట్టుబడి రాక, డివిడెండు, మరో వాటాదారుతో కలిసి అమ్మడం, ఆప్షన్, పరిహారం. ఒక్కోదాని ఎదురుగా కట్టేవాడు రెసిడెంటా (ఫెమా లెక్కలో భారత్‌లో ఉండేవాడా) కాదా, ధరకు పైహద్దా కింది హద్దా, ఎవరి అనుమతి కావాలి, ఏ ఫారం ఎన్ని రోజుల్లో వేయాలి అన్నది నింపాలి. ఇప్పుడు వర్తించేవి 2019 అక్టోబర్‌లో వచ్చిన ఫెమా నాన్-డెట్ ఇన్‌స్ట్రుమెంట్స్ రూల్స్. కొత్త షేర్లు ఇస్తే 30 రోజుల్లో ఎఫ్‌సీ-జీపీఆర్ ఫారం, షేర్లు రెసిడెంటుకు, నాన్ రెసిడెంటుకు మధ్య చేతులు మారితే 60 రోజుల్లో ఎఫ్‌సీ-టీఆర్‌ఎస్ ఫారం. రెండూ ఆర్‌బీఐ ఫర్మ్స్ పోర్టల్‌లోనే. వాల్యుయేషన్ సర్టిఫికెట్ 90 రోజులకు మించి పాతదైతే ఆథరైజ్డ్ డీలర్ బ్యాంకు (విదేశీ మారకం లావాదేవీలకు ఆర్‌బీఐ అనుమతి ఉన్న బ్యాంకు) తిప్పి పంపుతుంది. ఆప్షన్ నోటీసు గడువును 120 రోజులని రాసి, సర్టిఫికెట్ మొదటి రోజునే తీసుకుంటే చివర్లో మళ్లీ వాల్యుయేషన్ చేయించాలి. ఆ రెండో సర్టిఫికెట్‌లో ధర తగ్గితే గొడవ కొత్తగా మొదలవుతుంది. గడువును 75 రోజులకు లోపు పెట్టడం మంచిది.

ఎగ్జిట్ క్లాజులో (పెట్టుబడిదారు బయటపడే క్లాజులో) రెండు దారులను విడివిడిగా రాయాలి. మొదటిది, ప్రమోటర్ స్వయంగా కొనడం: ధర ఆ రోజు న్యాయమైన విలువ, అంతకు మించదు. రెండోది, ప్రమోటర్ నాన్ రెసిడెంట్ కొనుగోలుదారుణ్ని తేవడం: ధర ఒప్పందంలో రాసిన కనీస ధర. రెండో దారికి అనుమతి అక్కర్లేదన్న విషయాన్నీ, అది కుదరకపోతే పరిహారం ఏ కరెన్సీలో, ఏ తేదీ మారకపు రేటుతో లెక్కించాలో కూడా రాసిపెట్టాలి. 'రెగ్యులేటరీ అనుమతికి లోబడి' అనే మాటను మొత్తం క్లాజు మీద కప్పితే రెండో దారి కూడా మూసుకుపోతుంది. ఎక్కువగా కనిపించే తప్పు ఇదే.

ఆ నాన్ రెసిడెంట్ కొనుగోలుదారు ప్రమోటర్‌కే చెందిన విదేశీ అనుబంధ సంస్థ అయితే జాగ్రత్త. దానికి ఇక్కడి నుంచి డబ్బు పంపడం, గ్యారంటీ ఇవ్వడం 2022 ఓవర్సీస్ ఇన్వెస్ట్‌మెంట్ రూల్స్ కిందికి వస్తాయి. ఆటోమేటిక్ మార్గంలో, అంటే ముందస్తు అనుమతి లేకుండా, మొత్తం ఆర్థిక నిబద్ధత (పెట్టుబడి, గ్యారంటీ లాంటివన్నీ కలిపి) ఇక్కడి సంస్థ నికర విలువకు నాలుగు రెట్లు దాటకూడదు. ఆ విదేశీ సంస్థ తిరిగి భారత్‌లో పెట్టుబడి పెడితే అనుబంధ సంస్థల అంచెలు రెండుకు మించకూడదు. కొనుగోలుదారు భారత్‌తో భూసరిహద్దు ఉన్న దేశం నుంచి వస్తే 2020 ఏప్రిల్ నుంచి ప్రభుత్వ అనుమతి తప్పనిసరి.

నష్టానికి హద్దు కావాలంటే దాన్ని బయటపడేటప్పుడు కాకుండా లోపలికి వచ్చేటప్పుడే అమర్చుకోవడం మేలు. తప్పనిసరిగా ఈక్విటీగా మారే ప్రిఫరెన్స్ షేర్లు తీసుకుని, లక్ష్యాలు అందకపోతే ఎక్కువ ఈక్విటీ షేర్లు వచ్చేలా మార్పిడి ఫార్ములాను ఇష్యూ రోజునే రాసుకోవచ్చు. ఉదాహరణకు, ఇష్యూ రోజు న్యాయమైన విలువ 60 రూపాయలు, పెట్టుబడిదారు కట్టిన ధర 100. లక్ష్యాలు అందితే 100కి ఒక షేరు, అందకపోతే 60కి ఒక షేరు లెక్కన మార్పిడి. 60కి కిందికి దిగకూడదు. మార్పిడి ధర ఇష్యూ నాటి న్యాయమైన విలువకు తగ్గితే చెల్లదు. ఈ పద్ధతిలో డబ్బు వెనక్కి రాదు, వాటా పెరుగుతుంది. కంపెనీయే మునిగిపోతుంటే ఇది పెద్దగా ఆదుకోదని పెట్టుబడిదారుకు ముందే స్పష్టంగా చెప్పాలి.

ధరలో కొంత తర్వాత కట్టే ఏర్పాటు కూడా ఉంది: మొత్తంలో 25 శాతం దాకా, 18 నెలల లోపు. ఎస్క్రో (డబ్బును మూడో వ్యక్తి దగ్గర ఉంచే ఖాతా) పెట్టినా అదే హద్దు. మూడేళ్ల ఎర్న్-అవుట్ (కంపెనీ పనితీరును బట్టి మిగతా ధర తర్వాత కట్టడం) అలవాటున్న విదేశీ లాయర్లు తమ నమూనాను ఉన్నదున్నట్టు దించేసేది ఇక్కడే.

వివాదాలకు ఆర్బిట్రేషన్ తప్ప వేరే మార్గం పెట్టకూడదు. జపాన్ కోర్టు డిక్రీని నేరుగా ఇక్కడ అమలు చేయించుకోలేరు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 44ఏ సెక్షన్ కింద నోటిఫై చేసిన దేశాల జాబితాలో జపాన్ లేదు, అక్కడి డిక్రీ పట్టుకుని ఇక్కడ మళ్లీ దావా వేయాలి. ఆర్బిట్రేషన్ అవార్డుకు న్యూయార్క్ ఒప్పందం ఉంది, సభ్యదేశాలు ఒకదాని అవార్డును మరొకటి అమలు చేసే అంతర్జాతీయ ఒప్పందం అది. డొకోమో ఒకేసారి ఢిల్లీలో, లండన్‌లో, న్యూయార్క్‌లో అమలు కోరగలిగింది అందువల్లే. అవతలి పక్షానికి ఏ దేశంలో ఏ ఆస్తులున్నాయన్న జాబితాను సంతకం రోజునే తయారుచేసి ఏటా తాజా చేయాలి.

మన స్టార్టప్‌లకు, ఎన్నారైలకు

హైదరాబాద్ స్టార్టప్‌కు డల్లాస్ నుంచో బే ఏరియా నుంచో పెట్టుబడి వస్తున్నప్పుడు చిన్న మొత్తంలోనైనా ఇదే చిక్కు ఎదురవుతుంది. అమెరికాలో మామూలైన సేఫ్ నోటు (ఇప్పుడు డబ్బు ఇచ్చి, తర్వాతి విడతలో షేర్లు తీసుకునే ఒప్పందం) మీద సంతకం పెట్టి డబ్బు పంపితే, ఇక్కడ ఫెమా గుర్తించే పరికరాల్లో అది లేదు. బ్యాంకు ఆ డబ్బును ఏ ఖాతాలో చూపాలో తెలియక ఆపేస్తుంది. డీపీఐఐటీ (కేంద్ర పరిశ్రమల ప్రోత్సాహక విభాగం) గుర్తింపు ఉన్న స్టార్టప్ అయితే కన్వర్టిబుల్ నోటు (తర్వాత షేర్లుగా మారగల అప్పు పత్రం) తీసుకోవచ్చు, ఒక్కో పెట్టుబడిదారు నుంచి ఒకే విడతలో కనీసం 25 లక్షలు రావాలి. లేదంటే తప్పనిసరిగా మారే ప్రిఫరెన్స్ షేర్లే దారి. షేర్లను డబ్బు అందిన 60 రోజుల్లో కేటాయించాలి.

పెట్టేది అమెరికాలో ఉన్న తెలుగువాడైతే మరో మార్గం ఉంది. ఎన్నారై నాన్-రిపాట్రియేషన్ పద్ధతిలో (డబ్బును స్వేచ్ఛగా విదేశానికి తీసుకెళ్లే హక్కు లేకుండా) పెడితే దాన్ని స్వదేశీ పెట్టుబడితో సమానంగా చూస్తారు, ధర నియమం తలనొప్పి ఉండదు. బావమరిది కంపెనీలో 20 లక్షలు పెట్టి, ముందే అనుకున్న ధరకు వెనక్కి ఇచ్చేయమనే కుటుంబ ఏర్పాట్లకు ఇదే సరిపోతుంది. అయితే అమ్మిన డబ్బు ఎన్‌ఆర్‌ఓ ఖాతాలోకే (ఎన్నారైల రూపాయి ఖాతాలోకే) వస్తుంది. అక్కడి నుంచి బయటికి పంపాలంటే అన్ని ఆస్తులకూ కలిపి ఆర్థిక సంవత్సరానికి పది లక్షల డాలర్ల హద్దు ఉంది, ఆదాయపు పన్ను ఫారం, సీఏ సర్టిఫికెట్ కావాలి. ఊళ్లో పొలమో, ఫ్లాటో కూడా అదే ఏడాది అమ్మే ఆలోచన ఉంటే ఆ హద్దును ముందే చూసుకుని, ఏది ఏ మార్చిలోపు అమ్మాలో తేదీలు వేసుకోవాలి.